ఉద్యానవనము క్రింద కార్ల గారేజి

బండి కొనుట ఒక ఎత్తు. కొన్న బండిని నిలుపుకొనుటకు చోటు సంపాదించుట మరియొక ఎత్తు. కారు అనునది పరుగెత్తు యంత్రమని మనము తలంతుము గాని, దాని ఆయుర్దాయములో అధికభాగము నిలిచియుండుటతోనే గడచిపోవును. ఇంటినుండి కచేరికి అరగంట, కచేరినుండి ఇంటికి అరగంట తిరిగిన కారు మిగిలిన ఇరువదిమూడు గంటలు ఎక్కడనో ఒకచోట కదలక పడియుండవలెను. రాత్రి ఇంటివద్ద చోటు కావలెను. పగలు కచేరివద్ద చోటు కావలెను. సాయంకాలము అంగడివద్ద మరియొక చోటు కావలెను. ఒక కారు నిలుచుటకును, అది తిరిగి బయటికి వచ్చుటకు కావలసిన దారికిని కలిపి సుమారు 300 చదరపు అడుగుల నేల పట్టును. ఒక చిన్న సంసారము తలదాచుకొనుటకు చాలినంత నేల అది. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు. ఈ లెక్కను 800 కార్లు నిలుపుటకు ఐదున్నర ఎకరములు కావలెను. పాఠశాలలో పిల్లలు పలకమీద వేయదగిన చిన్న గుణకారమే ఇది. కాని మహానగరములు దీనితోనే తల పట్టుకొని కూర్చున్నవి.

అందుచేత నగర పాలకులు గారేజి కట్టుదుమని గాని, ఉన్న గారేజి చాలుటలేదు, విస్తరింతుమని గాని ప్రకటించినంతనే ఊరు రెండు పక్షములగును. బేరములేక దిగులుపడు అంగడివాడు ‘కట్టుడు’ అనును. పిల్లవానిని వీథి దాటించు తల్లి ‘వలదు’ అనును. ఇరువురి మాటలోను నిజమున్నది. అట్టి వేళ పౌరులు దేనిని దేనితో తూచవలెను? ఈ ప్రశ్నకు అమెరికా పశ్చిమతీరమునందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరము చెప్పినంత విపులమైన సమాధానము మరియొక ఊరు చెప్పలేదేమో! అచ్చటి పౌరులు ఒకే గారేజిని గూర్చియు, దాని పైనున్న నేలను గూర్చియు ఇరువది నాలుగేండ్ల వ్యవధిలో పలుమారులు ఓటు వేసిరి.

ఇసుక దిబ్బలపై లేచిన వనము

శాన్‌ఫ్రాన్సిస్కో మూడువైపుల నీరు కమ్మిన కొండల ఊరు. దాని నేల సుమారు 47 చదరపు మైళ్లు మాత్రమే. 2020 జనాభా లెక్కల ప్రకారము అందు నివసించువారు 8,73,965 మంది. ప్రక్కకు విస్తరించుటకు వీలులేని ఊరు కనుక, కార్లకొరకు అది తొలుతనే భూమిలోనికి చూచినది. 1942లో యూనియన్ స్క్వేరు అను నడిబొడ్డు తోటను త్రవ్వి, క్రింద బహుళాంతస్తుల గారేజి కట్టి, పైన మరల తోటను పరచిరి. ప్రజల తోట క్రింద కార్లను దాచు పద్ధతికి అది మార్గదర్శకమైనది. 1960 దశకపు తొలి సంవత్సరములలో చీనావారి పేటలోని పోర్ట్స్‌మత్ స్క్వేరునకును అదే గతి పట్టినది. ఇరుకు గదులలో కాపురముండు ఆ పేట ముదుసలులు చదరంగ మాడుకొనుటకును, పిల్లలు ఎగిరి గంతులు వేయుటకును ఉన్న ఒక్క విశాలమైన చోటు ఒక గారేజికి పైకప్పు అయినది.

ఈ ఊరికి ప్రాణము వంటిది గోల్డెన్ గేట్ పార్కు. మూడు మైళ్ల పొడవు, అరమైలు వెడల్పు, వేయి ఎకరములకు మించిన విస్తీర్ణము. 1870 ప్రాంతమున అది సముద్రపు గాలికి దొర్లు ఇసుక దిబ్బల బీడు. విలియం హామండ్ హాల్ అను యువ ఇంజనీరు బార్లీ, లూపిను మొదలగు మొక్కలు నాటించి ఆ ఇసుకను కదలకుండ కట్టెను. పిమ్మట స్కాట్లండు దేశీయుడైన జాన్ మక్లారెన్ అర్ధశతాబ్దికి పైగా దానిని కన్నబిడ్డవలె పెంచెను. నగర వీథులలో ఊడ్చిన గుఱ్ఱపు పేడ ఆ ఇసుకకు ఎరువైనది. ఆ శతాబ్దపు వాహనము వనమునకు ఎరువు నిచ్చినది. తరువాతి శతాబ్దపు వాహనము వనమునందు చోటు నడిగినది.

1894లో ఇచ్చట ఒక అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. దాని జ్ఞాపకముగా మిగిలినవే సంగీత ప్రాంగణము, జపాను తోట, డి యంగ్ మ్యూజియము. ప్రాంగణమునకు ఒకవైపున ఈ మ్యూజియము, ఎదుట కాలిఫోర్నియా విజ్ఞానశాస్త్ర పరిషత్తు. ఆదివారము వచ్చినదన్న పిల్లలు, పెద్దలు, విద్యార్థుల గుంపులు ఇచ్చటికే చేరుదురు. వారితోపాటు కార్లును చేరెను.

ఆ వనముపై కార్లకొరకు వచ్చిన మొదటి పెద్ద ఒత్తిడి గారేజి కాదు, రాచబాట. వనపు అంచున ఒక మోటారు రహదారి వేయవలెనన్న యోచనకు పౌరులు ఎదురు తిరిగిరి. 1964లో ఆరు ఓట్లకు ఐదు, 1966లో మరల ఆరు ఓట్లకు ఐదు ఓట్ల తేడాతో నగర మండలి ఆ యోచనను త్రోసిపుచ్చెను. ఒక్క ఓటు అటు పడియున్నచో ఈ కథ వేరు విధముగా నడచియుండెడిది. 1967లో పార్కు తూర్పుభాగపు ముఖ్యవీథియగు జాన్ ఎఫ్. కెన్నెడీ డ్రైవును ఆదివారములందు కార్లకు మూసిరి. వారమునకు ఒక్కదినము వీథి నడచువారికి దక్కెను.

1998 జూన్ నాటి ఓటు

1989 అక్టోబరు 17న వచ్చిన లోమా ప్రియెటా భూకంపము డి యంగ్ మ్యూజియమును బీటలు వార్చెను. గోడలకు ఉక్కు ఊతములిచ్చి కొన్నేండ్లు గడిపిరి. క్రొత్త భవనము కట్టుటకు నగరము ఋణపత్రములు జారీచేయవలెనని రెండు మారులు ఓటు పెట్టిరి. రెండు మారులును సగముకంటె అధికముగా ఓట్లు వచ్చెను గాని, కాలిఫోర్నియా శాసనము కోరు మూడింట రెండు వంతులు రాలేదు. మ్యూజియమును పార్కునుండి ఊరి నడుమకు తరలింతమన్న మాటయు వచ్చెను. అచ్చటికి ట్రాములు, బస్సులు, రైళ్లు కలవు. ఇచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది కార్లపైననే వత్తురు. ఈ విధముగా మ్యూజియము ఎక్కడ ఉండవలెనన్న చర్చ కారు ఎక్కడ నిలువవలెనన్న చర్చగా మారినది.

ఆ సందున పుట్టినదే 1998 జూన్ నాటి ‘జె’ ప్రతిపాదన. సంగీత ప్రాంగణము క్రింద 800 కార్లకు గారేజి కట్టవచ్చునని అది అనుమతించెను. కాని ఊరక అనుమతింపలేదు. గారేజికి ప్రజాధనము వెచ్చింపరాదు, దాతల సొమ్ముతోనే కట్టవలెను. కార్లు పార్కు వీథులలో తిరుగక లోనికి దిగునట్లు వెలుపలినుండి మార్గము ఏర్పరుపవలెను. ప్రాంగణపు ఉపరితలము నడచువారికి విశ్రాంతి స్థానము కావలెను. ఈ షరతులను చూచి ఓటర్లు సమ్మతించిరి. పత్రములోని భావమును ఒక్కమాటలో చెప్పవలెనన్న, అది గారేజికి ఇచ్చిన అనుమతి కాదు. క్రింద కార్లకు చోటిచ్చి పైన మనుష్యులకు నేల తిరిగి పుచ్చుకొను ఒడంబడిక.

తూనికలోని రెండు తట్టలు

ఆ ఒడంబడికను సమర్థించినవారి వాదము చులకన చేయదగినది కాదు. మ్యూజియమునకు వచ్చువారిలో ముదుసలులుందురు, చంకబిడ్డల తల్లులుందురు, చేతికర్రతో నడచువారుందురు. రెండు బస్సులు మారి రమ్మనుట వారిని రావలదనుటతో సమానము. కార్లు వచ్చుట ఎట్లును తప్పదు కనుక, వానిని కంటికి కనబడకుండ భూమిలోనికి దింపి, పచ్చికను పచ్చికగా మిగుల్చుట మేలు కాదా? పైగా ఖజానాకు ఖర్చు లేదు, దాతలున్నారు. దాతలకు నాయకుడుగా నిలిచిన వారెన్ హెల్మన్ ధనవ్యాపారియైనను నగరమున మంచి పేరున్నవాడు. విరాళములు పోగా మిగిలిన సొమ్మును అప్పుగా తెచ్చి, గారేజి రుసుములతో తీర్చుట వారి ప్రణాళిక.

వ్యతిరేకించినవారి వాదమును అంతే బరువైనది. చోటు కల్పించినకొలది కార్లు పెరుగును. చెరువు గండి పెద్దదైనకొలది నీరు ఎక్కువ పారినట్లే. ఎనిమిది వందల కార్లు లోనికి దిగవలెనన్న, పైకి రావలెనన్న, చుట్టునున్న పేటల వీథులగుండనే పోవలెను. పార్కు అనునది కారులేనివానికి కూడ సమానముగా హక్కున్న చోటు. దానిలోనే కారున్నవానికి వేరు సదుపాయమేల? పాత చెట్ల వేళ్లకు త్రవ్వకము వలన హాని కలుగదా? ఒకసారి కాంక్రీటు పోసిన పిమ్మట, తప్పని తెలిసినను దానిని తిరిగి మట్టి చేయుట ఎవ్వరి తరము? వ్యవహారము న్యాయస్థానముల వరకు పోయెను. వెలుపలి మార్గమును గూర్చిన షరతు యొక్క అర్థమేమని వాదోపవాదములు జరిగెను. కడపట గారేజి కట్టనే కట్టిరి. 2005లో అది తెరువబడెను. అదే ఏడు అక్టోబరులో రాగిరేకుల క్రొత్త డి యంగ్ మ్యూజియమును తెరచిరి. ఎదుటనున్న విజ్ఞానశాస్త్ర పరిషత్తు 2008లో, మొక్కలు మొలచిన పైకప్పుతో, క్రొత్త రూపము దాల్చెను.

గారేజి వచ్చెను, వీథి తిరిగి రాలేదు

ఇచ్చట పాఠకుడు గమనింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. గారేజి కట్టక మునుపే, అనగా 2000 నవంబరులో, శనివారములందు కూడ కెన్నెడీ డ్రైవును కార్లకు మూయవలెనని రెండు ప్రతిపాదనలు ఓటునకు వచ్చెను. ఒకటి వెంటనే మూయుమన్నది. రెండవది గారేజి తెరచిన పిమ్మట మూయుమన్నది. రెండును ఓడెను. గారేజి వచ్చినచో వీథిని విడుచుట సులభమగునని చాలమంది తలచియుండిరి. గారేజి వచ్చెను. 2006లో నగర మండలి శనివారపు మూసివేతను అంగీకరింపగా, నాటి మేయరు గవిన్ న్యూసమ్ దానిని నిరాకరించెను. 2007లో రాజీ కుదిరి, ఏడాదిలో కొన్ని నెలలపాటు, వీథిలో కొంతభాగము మాత్రము, శనివారములందు మూయుటకు ఒప్పుకొనిరి. నేలక్రింద 800 చోట్లు కలిగినను, నేలపైన పార్కు వీథుల వెంబడి వేలకొలది ఉచితస్థలములు అట్లే నిలిచెను.

ఒక దాని ప్రక్క మరియొకటి ఈ విధముగా ఉన్నప్పుడు ఏమి జరుగునో ఊహించుటకు అర్థశాస్త్రము చదువనక్కరలేదు. పైన ఊరక దొరకుదానిని విడిచి, క్రింద రొక్కమిచ్చి కొనువాడెవడు? పైన చోటు దొరకువరకు వీథులలో ప్రదక్షిణము చేయుట మానవ స్వభావము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలస్ శాఖలో ఆచార్యుడుగా ఉండి 2025లో కాలధర్మము చెందిన డొనాల్డ్ షూప్ తన జీవితమంతయు ఈ ప్రదక్షిణమును పరిశోధించుటకే ధారవోసెను. 2005లో వెలువడిన ఆయన గ్రంథము, ఉచితమైన పార్కింగునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో వివరించుచున్నది. వివిధ నగరములలో జరిగిన పరిశీలనలను ఆయన క్రోడీకరింపగా, రద్దీ వీథులలో తిరుగు కార్లలో సగటున నూటికి ముప్పది, గమ్యము చేరియు చోటు దొరకక వెదకుకొనుచు తిరుగునవే అని తేలెను. వీథి ప్రక్కను ఉచితము చేసి, గారేజిని ప్రియము చేసి, ‘చోటు చాలుటలేదు, ఇంకను కట్టుడు’ అనుట, కుండ అడుగున చిల్లి పెట్టి నీరు పోయుట వంటిదని ఆయన బోధనల సారము.

శాన్‌ఫ్రాన్సిస్కో ఈ బోధను కొంతవరకు ఆచరణలో పెట్టినది. 2011లో కొన్ని పేటలలో, వీథి ప్రక్కన కారు నిలుపు రుసుమును గిరాకిని బట్టి మార్చు ప్రయత్నము ప్రారంభించెను. నిండియుండు వీథిలో గంటకు కొన్ని సెంట్లు హెచ్చించుట, ఖాళీగానుండు వీథిలో తగ్గించుట, నగర గారేజిలలో కూడ అట్లే సవరించుట – ఇదియే ఆ పద్ధతి. క్రొత్త కట్టడములతో పనిలేకయే, ప్రతి వీథిలోను ఒకటి రెండు ఖాళీ చోట్లు దొరకునట్లు చేయుట దాని ఉద్దేశము. పిమ్మట నగరము దానిని తక్కిన పేటలకును విస్తరింపజేసినది. కాని పార్కు లోపలి ఉచితస్థలముల జోలికి ఆ ప్రయత్నము పోలేదు.

ధర ఎవరి చేతిలో?

2020 వసంతమున కోవిడ్ మహమ్మారి ఊరిని ఇండ్లలో బంధించినది. ఒకరికొకరు దూరముగా నడచుటకు చోటు కావలెనని కెన్నెడీ డ్రైవును అన్ని దినములందును కార్లకు మూసిరి. ఏండ్ల తరబడి వాదులాడినను సాధ్యముకాని పని కొద్దిదినములలో జరిగిపోయెను. మూడుచక్రముల సైకిళ్లు త్రొక్కు పసివారు, చక్రముల జోళ్లు కట్టుకొన్న యువకులు, నడకకు వచ్చిన వృద్ధులు వీథి నిండ వ్యాపించిరి. ఆ వీథి ప్రమాదములు హెచ్చుగా జరుగు వీథుల జాబితాలోనిది. 2016లో అచ్చటనే సైకిలుపై పోవుచున్న స్త్రీ ఒకతె కారు తాకి మరణించెను. కనుక, కార్లను మరల రానీయరాదని చాలమంది పట్టుబట్టిరి.

రెండవ పక్షమువారి వేదనయు నిజమైనదే. నడువలేనివారికి మ్యూజియపు వాకిటివరకు కారు పోవుట విలాసము కాదు, ఆధారము. నగరపు ఆగ్నేయమూలనున్న పేద పేటలనుండి పార్కునకు నేరుగా పోవు బస్సులు తక్కువ. వారు కుటుంబసమేతముగా రావలెనన్న కారే గతి. వీథిలోని ఉచితస్థలములు పోయినచో, మిగిలినది రుసుము పుచ్చుకొను గారేజి. చుట్టుప్రక్కల సంపన్నుల పేటలవారు నడచి వత్తురు; దూరపు పేదవారు సొమ్ము చెల్లించి రావలెనా? ఈ ప్రశ్న నగర మండలిలో వాడిగా వినవచ్చినది. 2022 ఏప్రిలులో మండలి ఏడు ఓట్లకు నాలుగు ఓట్లతో మూసివేతను శాశ్వతము చేసెను. వ్యతిరేకులు దానిని ప్రజల ఓటునకు తెచ్చిరి.

అప్పుడు అందరి దృష్టియు మరల ఆ గారేజిపై పడెను. చోట్లు లేకపోలేదు, 800 ఉన్నవి. రుసుము తగ్గించినచో వికలాంగులకును, పేదవారికిని అవియే ఉపకరించును. అయితే తగ్గించుటెట్లు? 1998 నాటి ఒడంబడిక దాతల సొమ్ముతోనే గారేజి నడువవలెనని, ప్రజాధనము వినియోగింపరాదని శాసించియున్నది. అప్పు తీరవలెనన్న రుసుములు రావలెను. నగరము సొమ్మిచ్చి రుసుము తగ్గింపబోయినచో శాసనము అడ్డు వచ్చును. ఖజానాను కాపాడుటకు పెట్టిన కంచెయే, ప్రజల వనము క్రింద ప్రజలకొరకు కట్టిన గారేజి ధరను ప్రజల చేతికి అందకుండ చేసినది. ఇరువది నాలుగేండ్ల క్రిందట ఆ షరతును చదివి సంతోషించినవారిలో ఎందరు దీనిని ఊహించిరి?

2022 నవంబరు 8న పౌరులు ఒకే దినమున మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పిరి. వీథిని కార్లకు మూసియుంచవలెనన్న ప్రతిపాదనకు – దీనికిని దైవికముగా ‘జె’ అను అక్షరమే వచ్చెను – నూటికి అరువదికి పైగా ఓట్లు పడెను. వీథిని మరల తెరువవలెనన్న ‘ఐ’ ప్రతిపాదన ఓడెను. గారేజిపై ప్రజాధనము వినియోగించుటకును, దాని అజమాయిషీని నగర ఉద్యానశాఖ క్రిందికి తెచ్చుటకును వీలు కల్పించు ‘ఎన్’ ప్రతిపాదనకు మిక్కిలి హెచ్చు ఓట్లు వచ్చెను. వీథి విషయమున తగవులాడిన రెండు పక్షములవారిలోను పెక్కుమంది, గారేజి ధర ప్రజాప్రతినిధుల అధీనమున ఉండవలెనన్న విషయమున ఏకీభవించిరి.

తూచువారు అడుగవలసినవి

ఈ దీర్ఘకథనుండి గారేజి మంచిదనియో, చెడ్డదనియో తీర్పు చెప్పబూనుట పొరపాటు. 1998లో గారేజి వలదన్నవారి భయములు కొన్ని నిజమైనవి. కావలెనన్నవారి మాటయు కడకు నిజమైనది. నేలక్రింద ఆ 800 చోట్లు లేకున్నచో 2022లో నేలపైని వీథిని విడిచిపెట్టుటకు అంతమంది ధైర్యము చేసియుండరేమో. అయినను, ఆ రెంటి నడుమ పదునేడు సంవత్సరములు గడచెను. క్రిందికి దిగిన కార్లకు బదులుగా పైన ఎన్ని చోట్లు, ఏ తేదీలోపల తొలగింపవలెనో వీథి విషయమున వ్రాసికొననందున కలిగిన ఆలస్యమిది. ఆమ్‌స్టర్‌డామ్ నగరము 2018లో ఒక కాలువ క్రింద 600 కార్లకు గారేజి తెరచినప్పుడు, దానికి జతగా పరిసర వీథులలోని పార్కింగు చోట్లను తొలగించి, ఆ నేలను నడచువారికిని, చెట్లకును, సైకిళ్లకును ఇచ్చెను. రెండును ఒకే పనిలో భాగములుగా సాగుటచే అచ్చట ఇచ్చిపుచ్చుకొనుట కంటికి కనబడినది.

కావున ఏ ఊరిలోనైనను గారేజిని కట్టుటకు గాని, పెంచుటకు గాని ప్రతిపాదన వచ్చినప్పుడు, ‘ఎన్ని కార్లు పట్టును?’ అన్నది మొదటి ప్రశ్న కారాదు. ఉన్న చోట్లు నిజముగా నిండుచున్నవా, లేక వీథి ఉచితమగుటచే గారేజి ఖాళీగా నున్నదా? క్రొత్తగా ఇచ్చు ప్రతి చోటునకు బదులుగా నేలపైన ఏది, ఎప్పుడు తిరిగి వచ్చును? రుసుము నిర్ణయించు అధికారము ఎవరిది? దానిని మార్చవలసి వచ్చినచో మన పిల్లలకు ఆ వీలుండునా? కారు లేనివాడు, నడువలేనివాడు, దూరపు పేటవాడు – ఈ మువ్వురును ఆ కట్టడము వలన ఏమి పొందుదురు? ఈ ప్రశ్నలకు సమాధానములు పత్రముమీద స్పష్టముగా ఉన్నచో ఓటు ఎటు వేసినను అది ఎరిగి వేసిన ఓటగును.

కాంక్రీటు కట్టడము ఐదారు దశాబ్దములు నిలుచును. దానిని అనుమతించు షరతు కూడ అంతకాలము నిలుచునని శాన్‌ఫ్రాన్సిస్కో పౌరులు ఆలస్యముగా తెలిసికొనిరి. ఒకనాడు పరుగెత్తు ఇసుకను గడ్డిపోచలతో కట్టివేసిన ఊరది. ఆ నేలపై ఇప్పుడు పిల్లలు సైకిళ్లు త్రొక్కుచున్నారు. క్రింద కార్లు నిలిచియున్నవి. ఆ రెండింటికిని చోటు దొరకుటకు వారికి గారేజి ఒక్కటి చాలలేదు. దానిని గూర్చి మరల మరల అడిగి, తూచి, పాత షరతును దిద్దుకొను ఓపిక కూడ కావలసివచ్చినది.